వరి పూసే వేళ

సిద్దిపేట,
జూన్ 28, 1989.

చిన్నబాపుకు సుగుణ నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? మృగశిర దాటిపోయింది, గట్టి వాన ఒక్కటీ పడలేదు. మీ అల్లుడికి డ్యూటీ గజ్వేల్ రూటుకు మార్చారు. కండక్టరు సంచితో పాటు రోజూ ఒక కూరగాయల సంచి కూడా ఇంటికి వస్తోంది. నిన్న వంకాయ, మొన్న వంకాయ, ఈ రోజు కూడా వంకాయే.

బాపు పోయాక నేను స్టూడియో మూసేస్తాననుకున్నవాళ్లే ఇప్పుడు పిల్లల్ని ఎత్తుకొచ్చి ఫోటోలు దిగుతున్నారు. పెళ్లిచూపుల ఫోటోలకు ఆడపిల్లలు నా దగ్గరికే వస్తున్నారు. ఆడమనిషి ముందు భయం లేకుండా నవ్వొచ్చునట.

అసలు సంగతికి వస్తాను. నాకొక పువ్వు ఫోటో తీయాలి. చాలా చిన్న పువ్వు, మల్లెమొగ్గలో సగం కూడా ఉండదు. బాపుకు నువ్వు పంపిన పెంటాక్స్ కెమెరాతో దగ్గరికి పోయి చూశాను. మంచు కమ్మినట్టు అంతా మసక. ఇలాంటి వాటికి మాక్రో లెన్స్ అని వేరే ఉంటుందని పత్రికలో చదివాను. అందులో యాభై అని ఒకటి, వంద అని ఒకటి ఉంటాయట. వంద అంటే వంద రెట్లు పెద్దగా చూపిస్తుందా? అయితే నాకు వందే కావాలి. నువ్వు రోజంతా కెమెరాలు విప్పి బిగించే మనిషివి, నీకు తెలియంది ఏముంటుంది? ఏది మంచిదో రాయి.

ఏ పువ్వో ఇప్పుడు చెప్పను. చెబితే నవ్వుతావు.

నీ బిడ్డ,
సుగుణ.


బొంబాయి,
జులై 12, 1989.

చిరంజీవి సుగుణను దీవించి రాయునది.

నీ ఉత్తరం పెద్దగా చదివి వినిపించాను. మీ చిన్నమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయి మేముండే చాల్‌లో గడపగడపకూ వెళ్లి, "మా సుగుణ పూల ఫోటోలు తీస్తదట" అని చెప్పి వచ్చింది.

వంద అంటే వంద రెట్లు కాదు తల్లీ. యాభై అయినా వంద అయినా పువ్వును ఒకే సైజులో చూపిస్తాయి. రెండూ అసలు సైజులో సగం వరకు తెస్తాయి. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య ఒక రింగు బిగిస్తే, ఫిల్మ్ మీద పువ్వు ఉన్నదున్నంత పడుతుంది. తేడా అంతా దూరంలోనే. యాభై అయితే పువ్వుకు బెత్తెడు దూరం దాకా పోవాలి. వంద అయితే అదే బొమ్మను జానెడు దూరం నుంచి తీయొచ్చు. వంద బరువు, దొరకడం కష్టం. పువ్వేమన్నా సీతాకోకచిలుకా, దగ్గరికి పోతే ఎగిరిపోవడానికి? నీకు యాభై చాలు. వాడినదే అయినా అద్దం మీద గీత లేనిది ఒకటి చూసి పెట్టాను. మన భిక్షపతి వచ్చే నెల ఊరికి వస్తున్నాడు, అతనితో రింగు సహా పంపిస్తాను.

ఇంకో మంచి మాట. మా దుకాణానికి క్యాలెండర్లు అచ్చువేసే ఆయన ఒకరు వస్తుంటారు. నీ సంగతి చెప్పాను. గులాబీ, తామర, మందారం, ఇలా నెలకొక పువ్వు కావాలన్నారు. మా అన్న కూతురు తీసి పంపుతుందని మాట ఇచ్చాను. ఆడపిల్లవు, ఎండలో, బురదలో తిరగకు. స్టూడియోలోనే నల్లగుడ్డ కట్టి, ముందర గులాబీ పెట్టి, రెండు నీటిచుక్కలు చల్లి తీయి.

కాశీనాథం.


సిద్దిపేట,
ఆగస్టు 24, 1989.

చిన్నబాపూ,

లెన్స్ అందింది. భిక్షపతి అన్న దాన్ని బనీన్లలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని వచ్చాడట. బస్సులో నిద్ర కూడా పోలేదట పాపం.

ఆ రోజే స్టూడియో వెనక గోడ పక్కన తుమ్మిచెట్టు కనిపిస్తే మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఎన్నేళ్లుగానో ఆ తుమ్మిని దాటుకుంటూ పోయి నీళ్లు పారబోస్తున్నాను. పువ్వు తెల్లగా ఉంటుందన్నది తప్ప నాకేమీ తెలియదు. లెన్స్‌లో చూస్తే దానికి కింది పెదవి ఉంది, పై పెదవి ఉంది. పై పెదవి మీద పసిబిడ్డ చెవి మీద ఉన్నట్టు నూగు ఉంది. లోపలికి ఒక చీమ పోయింది. అది పోయిన దారి ఎంత లోతుగా, ఎంత తెల్లగా ఉందంటే, మీ అల్లుడు అన్నానికి పిలుస్తున్నా నాకు లేవబుద్ధి కాలేదు.

ఇప్పుడు నిజం చెబుతాను. నేను తీయాలనుకున్నది వరి పువ్వు.

ఎండాకాలంలో నారాయణరావుపేట నుంచి చంద్రవ్వ అనే ఆమె బ్యాంకు పుస్తకానికి ఫోటో దిగడానికి వచ్చింది. ఆమె భర్త పోయి మూడేళ్లు. నవ్వమ్మా అంటే నవ్వు రాలేదు. కూర్చోబెట్టి చాయ్ ఇస్తే మెల్లగా చెప్పింది.

"మా ఆయిన పోయిన కాడికెల్లి నా మడి తాలు పోతుంది బిడ్డా. పక్కనే నా మరిది ముత్తయ్య మడి. గదే విత్తనం, గదే బాయి నీళ్లు. ఆయినకు గింజ, నాకు వట్టి పొట్టు. మొగడు సచ్చినదాని అడుగు పడితె సుంకు రాలుతదని ఊరోళ్లు నన్ను ఒడ్డు దిగనిస్తలేరు. నాకు గూడ గదే నిజమేమో అనిపిస్తుంది."

వరి పూతనే మన దగ్గర సుంకు అంటారు కదా. కంకి మీద పసుపు పొడిలా కనిపిస్తుందే, అదే. పోయేముందు చంద్రవ్వ నా కెమెరా వైపు చూసి, "నువ్వు ఇంతింత కండ్లు, ముక్కులు దింపుతవు గదా, గా వరి పువ్వును ఒకపారి తీసి చూపియ్యరాదు? నా మీద ఎందుకు అలిగిందో చూస్త" అంది.

చిన్నబాపూ, ఆ మాట నన్ను వదలడం లేదు. గులాబీలు ఎవరైనా తీస్తారు. నేను ఉబుసుపోక బొమ్మలు తీస్తానన్నట్టు నువ్వు రాసిన మాట నాకు నొప్పిగానే ఉంది. క్యాలెండర్ ఆయనకు వేరే ఎవరినైనా చూసుకోమని చెప్పు.

సుగుణ.


బొంబాయి,
సెప్టెంబరు 5, 1989.

సుగుణకు,

ఉత్తరం చేరింది. వరికి పువ్వుంటుందన్న సంగతి నాకు ఈ వయసులో తెలిసింది. దుకాణంలో చెబితే అందరూ నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

నేను నిన్ను తక్కువ చేయలేదు. నా అన్న బిడ్డ తీసిన పువ్వు బొంబాయిలో గోడగోడకూ వేలాడాలని ఆశపడ్డాను. అది నీకు నొప్పి అయింది. క్యాలెండర్ ఆయనతో మాట తప్పాను, ఇప్పుడాయన దుకాణానికి వచ్చినా నా బల్ల వైపు రావడం లేదు. పోనీ.

యాభై లెన్స్ మంచిది. వరికైనా గులాబీకైనా అదే సరిపోతుంది. నాలుగు వందల స్పీడు ఫిల్మ్ వాడు.

ఇట్లు,
కాశీనాథం.


సిద్దిపేట,
అక్టోబరు 9, 1989.

చిన్నబాపుకు,

నీకు కోపం వచ్చిందని ఉత్తరం పొట్టితనమే చెప్పింది. నాకూ కొంచెం ఉండింది. ఇప్పుడు అదంతా పక్కన పెట్టు, నాకు నీ సాయం కావాలి.

వారం రోజులుగా నారాయణరావుపేట పోయి వస్తున్నాను. మొదట సాయంత్రం పోయాను. కంకులన్నీ బిగుసుకుని ఉన్నాయి. మర్నాడు తెల్లవారగానే పోయాను. అప్పుడూ అంతే. పువ్వే లేదేమో అనుకుని ఒడ్డు మీద కూర్చుని చంద్రవ్వ తెచ్చిన మక్కగట్క తింటున్నాం. పొద్దు బారెడెక్కింది. చంద్రవ్వ ఉన్నట్టుండి నా మోచేయి పట్టుకుని, "అగో, సుంకు వస్తుంది సూడు" అంది.

ఇందాక మూసి ఉన్న గింజల పక్కన సన్నని దారాలు వేలాడుతున్నాయి. ఎప్పుడొచ్చాయో! మనం చూస్తుండగానే వస్తాయి, అయినా వచ్చేటప్పుడు కంటికి దొరకవు. కెమెరా పట్టుకుని మడిలోకి దిగాను. నువ్వు చెప్పిన బెత్తెడు దూరానికి పోయేసరికి నా తల నీడ పువ్వు మీద పడింది. పక్కకు జరిగితే లెన్స్ అంచు కంకికి తగిలింది. పసుపు పొడి అంతా అద్దం మీద రాలిపోయింది. ఇంకోటి, ఇంకోటి. ముట్టుకున్నదల్లా రాలింది. తీసిన రీలులో ఒక్క బొమ్మా నిలవలేదు.

అప్పుడే ముత్తయ్య వచ్చాడు. వీపు మీద మందు పంపు. కంకినల్లి పురుగు పడుతుందని భయమట. మమ్మల్ని చూసి, "ఏంది వదినె, ఉన్న సుంకు గూడ దులుపుతున్రా? ఎవ్వలూ ఒడ్డు దిగొద్దని చెప్పిన గదా!" అన్నాడు. చంద్రవ్వ తలమీద కొంగు లాక్కుంది. నేను బురద కాళ్లతో బయటికొచ్చాను. నిజంగానే నేను దులిపాను కదా, ఏమంటాను?

ఇప్పుడు నాకు అర్థమైంది, ఈ పువ్వుకు వందే కావాలి. ఒడ్డు మీది నుంచే తీయాలి. మడిలో అడుగు పెట్టకూడదు, ఆకును కూడా కదపకూడదు. చంద్రవ్వకు నాటు ఆలస్యమైన చివరి మడి ఒకటుంది, అది ఈ నెలాఖరుకు పూస్తుంది. అది దాటితే మళ్లీ యాసంగి దాకా పువ్వు లేదు. ఎక్కడన్నా కిరాయికైనా దొరుకుతుందా?

సుగుణ.


బొంబాయి,
అక్టోబరు 17, 1989.

సుగుణా, బిడ్డా,

నీ ఉత్తరం దుకాణంలోనే చదివాను. తప్పు నాది. ఏ పువ్వో తెలుసుకోకుండా లెన్స్ చెప్పాను. కొనడానికి వచ్చినవాళ్లను రోజూ "ఏం తీస్తరు?" అని అడుగుతాను. సొంత బిడ్డను అడగలేదు. నువ్వు చెప్పనన్నావు, నేను గులాబీ అనుకున్నాను.

వంద కోసం తెలిసిన చోటల్లా తిరిగాను. ఎక్కడా లేదు. చివరికి ఒక పార్సీ డాక్టరు గుర్తొచ్చాడు. పళ్ల డాక్టరు, చాలా పెద్దాయన. రోగుల పళ్లు ఫోటో తీయడానికి వంద మాక్రో వాడేవాడు, నోట్లోకి దూరకుండా బయటి నుంచే తీయొచ్చని. దాన్ని శుభ్రం చేసేది నేనే. ఇంటికి పోయి సంగతంతా చెప్పాను. వరి పువ్వు అని హిందీలో ఎలా అనాలో తెలియక, బియ్యం పుట్టకముందు ఉండే పువ్వు అన్నాను. ఆయన లేచి, బీరువాలోంచి లెన్స్ తీసి ఇచ్చాడు. "జన్మంతా ఇది పుచ్చిపోయిన పళ్లే చూసింది. పోనీ, ఒక పువ్వును చూడనీ" అన్నాడు.

భిక్షపతి ఈ శుక్రవారమే బయలుదేరుతున్నాడు. రింగు వేరే పెట్టాను. మూడు కాళ్ల స్టాండు తప్పకుండా వాడు. గాలి కదిలిస్తే ఎంత మంచి లెన్సయినా దండగే. కంకికి గాలి వచ్చే వైపు ఏదన్నా అడ్డం కట్టు. బటన్ వైరుతో నొక్కు, చేత్తో కాదు. ఊపిరి బిగబట్టు.

నాకు కూడా ఆ పువ్వును చూడాలని ఉంది.

చిన్నబాపు.


సిద్దిపేట,
నవంబరు 6, 1989.

చిన్నబాపూ,

ఈ ఉత్తరంతో ఒక చిన్న ఫోటో పెడుతున్నాను. దాన్ని చివర చూడు. ముందు చదువు.

చివరి మడి పూతకు వచ్చిందని చంద్రవ్వ కబురు పంపింది. ఒడ్డు పక్కన వంగిన కంకులను ఎంచుకున్నాం. చంద్రవ్వ తన మామ కప్పుకునే పాత గొంగడి తెచ్చింది. నాలుగు కట్టెలు పాతి గాలి వైపు గొంగడిని గోడలా కట్టాం. నేను ఒడ్డు మీద బోర్లా పడుకున్నాను. చంద్రవ్వ నా పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇద్దరం మడి దిగలేదు.

పొద్దు బారెడెక్కింది. లెన్స్‌లో ఒక గింజను పట్టుకుని చూస్తున్నాను. ఆకుపచ్చ పొట్టు మధ్యలో సన్నని గీత కనిపించింది. ఆ గీత వెడల్పయింది. ఎవరో లోపలి నుంచి గడియ తీసినట్టు రెండు తలుపులు విచ్చుకున్నాయి. లోపలికి వెలుగు పోయింది. ఒకదాని వెనక ఒకటి ఆరు కేసరాలు, సన్నని దారాలకు కట్టిన సంచుల్లాగా పైకి లేచాయి. లేచి, బరువుకు పక్కకు వాలాయి. వాటి కింద, ఇంకా లోపల, రెండు తెల్లటి ఈకలు. చిన్నబాపూ, నెమలి ఈకల్లాగా ఉన్నాయి! ఇన్నేళ్లు అన్నం తిని బతికాను కదా, అందులో ఈకలున్నాయని నాకెవరూ చెప్పలేదు. సంచుల్లోంచి పొడి రాలి ఆ ఈకల మీద పడుతుంటే చూస్తూ ఉండిపోయాను. నొక్కడం మరిచిపోయాను. చంద్రవ్వ, "ఏమైంది బిడ్డా, ఏడుస్తున్నవా?" అని అడిగితే అప్పుడు నొక్కాను.

తర్వాత ఆమెను పడుకోబెట్టి కెమెరాలో చూపించాను. చాలాసేపు కదల్లేదు. "నాకోసం పూస్తుందా ఇది?" అంది. మేం చూస్తుండగానే తలుపులు మళ్లీ మూసుకోవడం మొదలైంది. బయట వేలాడే కేసరాలు బయటే ఉండిపోయాయి, మన కంటికి కనిపించే సుంకు అదే. లోపలి పని అప్పటికే అయిపోయింది.

మర్నాడు మేం తీస్తుండగా ముత్తయ్య మందు పంపుతో వచ్చాడు. అతను పొద్దు పొడవకముందే తన మడికి కొట్టుకుంటాడు. అది అయ్యాక వదిన మడికి వస్తాడు. ఇక్కడికి చేరేసరికి సరిగ్గా పువ్వు తెరిచే వేళ. "లేవున్రి, మందు పడతది" అన్నాడు. గొంగడి వెనకకు జరిగి ముఖానికి కొంగు కట్టుకున్నాను, స్టాండు తీయలేదు. అతను మడంతా కొట్టి పోయాక, గొంగడి అవతల తడిసిన పువ్వులను తీశాను. ఇవతల తడవనివి కూడా తీశాను. ఆ పూత నడిచినన్నాళ్లూ రోజు విడిచి రోజు కొట్టాడు. పోయినేడు తాలు పోయిందని ఈసారి ఇంకా ఎక్కువ కొట్టాడట.

చీకటి గదిలో కాగితాన్ని డెవలపర్‌లో వేసి చూస్తున్నాను. మొదట తలుపులు తేలాయి, తర్వాత సంచులు, చివర ఈకలు. గింజ నా అరచేయంత ఉంది. రెండో కాగితంలో తలుపులు తెరిచే ఉన్నాయి. కానీ లోపల నీటిబొట్టు నిండుకుని ఉంది. సంచులు తడిసి ముద్దయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఈకలు వానలో తడిసిన కోడి రెక్కల్లా కిందికి వాలిపోయాయి. వాటి మీద పొడి లేదు.

ఇప్పుడు ఫోటో చూడు. తడవని పువ్వునే పంపుతున్నాను. రెండోది పంపడానికి చేతులు రాలేదు.

సుగుణ.


బొంబాయి,
నవంబరు 15, 1989.

తల్లీ,

ఫోటో చూశాను. నా చేతుల మీదుగా ఎన్ని వేల ఫోటోలు పోయాయో నాకే తెలియదు. దీన్ని బల్ల మీద పెట్టి అందరం చుట్టూ నిలబడ్డాం. డాక్టరు గారికి తీసుకుపోయి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. లెన్స్ నీ దగ్గరే ఉండనిమ్మన్నాడు. దానికి మళ్లీ పళ్లు చూపించడం పాపమట!

కానీ ఒక మాట. ఆ ముత్తయ్యను నమ్మకు. తన మడి పండుతుంది, వదిన మడి ఎండుతుంది. సరిగ్గా పువ్వు తెరిచే వేళకే మందు కొడతాడు. నీకు అర్థం కావడం లేదా? ఒంటరి ఆడమనిషి విసిగిపోయి ఆ భూమి తనకు వదిలేయాలని చూస్తున్నాడు. ఇలాంటివి బొంబాయిలో నేను చాలా చూశాను. ఫోటోలు అతని చేతికి ఇవ్వకు, చించేస్తాడు. నెగెటివులు జాగ్రత్త. అల్లుణ్ని వెంట పెట్టుకుని పోలీసు స్టేషనుకు పో. అవసరమైతే నేను వస్తాను.

చిన్నబాపు.


సిద్దిపేట,
డిసెంబరు 14, 1989.

చిన్నబాపుకు,

నీ ఉత్తరం చదివాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. నేనూ లోపల అదే అనుకున్నాను. పైకి రాయలేకపోయాను, అంతే. అయితే పోలీసుల దగ్గరికి పోకముందు వ్యవసాయ ఆఫీసులో లక్ష్మీరాజం సారుకు ఫోటోలు చూపించాను. ఆయన కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు. "పుస్తకంలో గీసిన బొమ్మనే చూసిన అమ్మా, దీన్ని గిట్ల చూస్తననుకోలె" అన్నాడు. పువ్వు తెరిచి ఉండే కొద్దిసేపట్లో మందు కొడితే పొడి కడుక్కుపోయి గింజ పట్టదని చెప్పాడు. సాయంత్రం కొట్టాలట. నేను అడిగితే నాతో నారాయణరావుపేటకు రావడానికి కూడా ఒప్పుకున్నాడు.

మేం పోయిన రోజు కోత. చంద్రవ్వ వాకిట్లో గొంతు కూర్చుని కంకులను నలుపుతోంది. పిడికెడు నలిపి ఊదితే పిడికెడూ ఎగిరిపోతోంది. ముత్తయ్య అరుగు మీద తల పట్టుకుని ఉన్నాడు. మేం ఏమీ అనకముందే చంద్రవ్వ లేచి మడి ఒడ్డుకు నడిచి పోయింది. మా గొంగడి ఇంకా అక్కడే కట్టి ఉంది. దాని చాటున ఉన్న కంకులను కోసుకొచ్చి అరచేతిలో నలిపి ఊదింది. గింజలు పోలేదు. మళ్లీ ఊదింది. ఉన్నాయి. బరువుగా, పసుపుపచ్చగా.

"ఇవ్వి నా మడియే గదా!" అంది.

అప్పుడు రెండు ఫోటోలూ ముత్తయ్య ముందు పెట్టాను. నీ ఉత్తరం మాటలు నా తలలో తిరుగుతున్నాయి. గొంతు గట్టిగా చేసుకుని, "మీ మడికి పొద్దుగాల కొడతరు. ఆమె మడికి పువ్వు తెరిచినంక కొడతరు. ఎందుకు?" అని అడిగాను.

అతను ఫోటో వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ ఫోటో వైపు చూశాడు.

"అన్న ఉన్నప్పుడు పొద్దుగూకంగ కొట్టుకునేటోడు" అన్నాడు. "అన్న పోయినంక వదినె పంపు మొయ్యలేదని నేను పట్టుకున్న. నా మడి అయినంక ఆమె మడికి వస్త. తాలు పోతుందని ఒక్క పారి గూడ నాగా పెట్టకుండ కొట్టిన. పురుగు తింటుందనుకున్న. ఇంక ఎక్కువ కొట్టిన." అతని వేలు ఆ తడిసిన ఈకల మీద ఆగింది. "నేనే పోగొట్టిన్నా? మూడేండ్ల సంది నేనేనా?"

చిన్నబాపూ, ఆ మనిషి నేల మీద కూలబడి ఏడ్చిన ఏడుపు చూస్తే నువ్వు ఆ ఉత్తరం రాసేవాడివి కాదు. నేనూ అలా అడిగేదాన్ని కాదు. లక్ష్మీరాజం సారు అటు తిరిగి నిలబడ్డాడు. చంద్రవ్వ మాత్రం చెంబుతో నీళ్లు తెచ్చి అతని పక్కన కూర్చుంది.

"నువ్వు కావాలని కొట్టినవా ముత్తయ్యా? నా మడి ఎండొద్దనే గదా కొట్టినవ్. తాగు" అంది.

అతను తాగలేదు. "నీ అడుగు మంచిది కాదని ఊర్ల నేనే అన్న వదినె. నేనే అన్న" అన్నాడు. ఆమె చెంబును అలాగే పట్టుకుని కూర్చుంది. అతను తాగేదాకా దించలేదు.

సుగుణ.


సిద్దిపేట,
ఏప్రిల్ 29, 1990.

చిన్నబాపూ, చిన్నమ్మా,

నెలల తర్వాత రాస్తున్నాను, కోపగించుకోకండి. పెళ్లిళ్ల కాలం, ఊపిరాడలేదు. మీ అల్లుడికి మళ్లీ రూటు మారింది. వంకాయల పీడ వదిలింది.

యాసంగి వరి ఫాల్గుణంలో పూసింది. ఆ వారం నన్ను రమ్మని కబురు పంపింది చంద్రవ్వ కాదు, ముత్తయ్య. నేను పోయేసరికి ఒడ్డు మీద అతని భార్య స్వరాజ్యం, పిల్లలు, చుట్టుపక్కల మడుల వాళ్లు, ఇంకా నాకు తెలియని వాళ్లు చాలామంది కూర్చున్నారు. పంచాయతీ ఆఫీసులో లక్ష్మీరాజం సారు అతికించిన పెద్ద ఫోటో చూసి వచ్చారట. ముత్తయ్య పంపు ఇంటి దగ్గరే పెట్టి వచ్చాడు, సాయంత్రం కొడతానన్నాడు. పొద్దు ఎక్కుతుంటే మాటలు వాటంతటవే తగ్గిపోయాయి. ఒక ముసలాయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. పిల్లలు కూడా ఊపిరి బిగబట్టారు.

"దిగు వదినె" అన్నాడు ముత్తయ్య.

చంద్రవ్వ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది. అందరి వైపూ ఒకసారి చూసింది. కుడికాలు బురదలో పెట్టి కంకుల మధ్య నిలబడింది. సరిగ్గా అప్పుడే సుంకు రావడం మొదలైంది. ఆమె చుట్టూ, మోకాళ్ల ఎత్తులో, మడి మడంతా ఒక్కసారి తెరుచుకుంటోంది. కంటికి వట్టి పసుపు నలకలే కనిపిస్తాయి. కానీ అక్కడున్న వాళ్లందరికీ లోపలి తలుపులు, ఈకలు తెలుసు. ఎవరో "అబ్బ" అన్నారు. నేను కెమెరా పట్టుకుపోయాను, తీయలేదు. తీయాలనిపించలేదు.

పోయిన వారం కోత అయింది. ముత్తయ్య మడికంటే ఆమె మడే ఎక్కువ పండింది. ఆమె మర పట్టించిన బియ్యం కొంచెం భిక్షపతి అన్నతో పంపుతున్నాను. "గా లెన్సు పంపిన మీ చిన్నబాపు తినాలె" అని తన చేత్తో మూట కట్టి ఇచ్చింది.

సుగుణ.


బొంబాయి,
మే 11, 1990.

తల్లీ సుగుణా,

బియ్యం అందాయి. ఎప్పుడూ రేషను బియ్యం వండే గిన్నెలోనే మీ చిన్నమ్మ వండింది. ఆదివారం, మధ్యాహ్నం పూట. పప్పు, మామిడికాయ తొక్కు. మొదటి ముద్ద నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయాను.

మీ చిన్నమ్మ, "ఏందయ్యా, రాయచ్చిందా?" అంది.

"లేదు" అన్నాను. "ఇందుల ఒక్కొక్కటి ఒక్కొక్క పువ్వు సులోచనా. ఒక పొద్దటి పూట గంతసేపు తెరుచుకుని, మళ్ల మూసుకున్నయి. గట్ల తెరుచుకుంటనే ఇది గింజయింది."

ఆమె నా ముఖం వైపు చూసింది. చేయి కడుక్కుని లేచి, గోడకు పెట్టిన నీ ఫోటో దించి తెచ్చి, రెండు పళ్లేల మధ్య నేల మీద పెట్టింది. ఫోటోను చూసింది, పళ్లెంలోకి చూసింది. ఇన్నాళ్లూ ఎన్ని కుండల అన్నం వండిందో, ఎన్నిసార్లు గంజి వార్చిందో. ఆ చేత్తోనే ఒక్క మెతుకును వేళ్ల మధ్య పట్టుకుని కిటికీ వెలుగుకు ఎత్తింది.

"పువ్వా?" అంది.

"పువ్వే."

ఆ మెతుకును ఆమె పళ్లెంలో వేయలేదు, కళ్లకద్దుకుని నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరం తిన్నాం బిడ్డా, చాలా మెల్లగా తిన్నాం.

మీ చిన్నబాపు.